ఉస్తానీ నొసటి పచ్చబొట్టు

సాయంత్రం అసర్ నమాజు అయి చాలాసేపయినా చదువుకునే పిల్లలు రాలేదు. హలీమా చాప పరిచింది, ఖురాన్ పెట్టుకునే చెక్క పీటలు తుడిచి వరసగా ఉంచింది, కుండలో నీళ్లు నింపింది. గల్లీలో పిల్లల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి గానీ ఎవరూ గడప తొక్కలేదు. చివరికి దర్జీ వాళ్ల పిల్ల ఒక్కతే వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "ఉస్తానీ, మా అమ్మీ ఇయ్యాల్టి సంది పోవద్దన్నది" అని చెప్పి పరుగెత్తింది.

మెదక్‌లో ఆ గల్లీ ఆడపిల్లలకు కొన్నేళ్లుగా హలీమాయే ఉస్తానీ. అలిఫ్ బే దగ్గర మొదలుపెట్టి ఖురాన్ పూర్తయ్యేదాకా చదివించేది. మంచి గొంతు, చెయ్యెత్తి కొట్టదు, ఎవరేమిస్తే అది పుచ్చుకుంటుంది. భర్త అబ్దుల్‌కు బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ల దుకాణం. ఏడేళ్ల కూతురు ఖమర్. హలీమా తల్లి మజీదా కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. ఉన్నంతలో మాటపడకుండా నడుస్తున్న సంసారం.

మాట ఎక్కడి నుంచి వచ్చిందో పొద్దుగూకేసరికి తెలిసింది. చెరువు కట్టల పని పట్టిన కాంట్రాక్టరు ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి గల్లీ మొదట్లో పెద్దిల్లు కిరాయికి తీసుకున్నాడు. ఆయన భార్య తహెసీన్ బేగం తన కూతుళ్లను చదువుకు పంపుదామని ముందురోజే హలీమాను చూడవచ్చింది. హలీమా అప్పుడే నమాజుకని కాళ్లూచేతులూ ముఖమూ కడిగి వజూ చేసుకొని, తడి ముఖంతో, ఓఢ్నీ సర్దుకోకుండానే ఎదురుపోయింది. తహెసీన్ బేగం చూపు ఆమె నొసటి మీద ఆగిపోయింది. కనుబొమల నడుమ పెసరగింజంత పచ్చటి చుక్క, దాని మీద నిలువుగా చిన్న గీత.

"ఇదేంది?"

"పచ్చబొట్టు, ఆపా. చిన్నప్పటిది."

"తౌబా, తౌబా" అని చెంపలు ముట్టుకొని ఆమె చాయ్ తాగకుండానే లేచింది. పోయిన మనిషి ఊరుకుందా అంటే అదీ లేదు. నొసట బొట్టు పెట్టుకొని సజ్దాలో నేలకు తల ఆనించే మనిషి దగ్గర మీ పిల్లలకు అల్లా మాట ఎట్లా నేర్పిస్తున్నారని ఇల్లిల్లూ తిరిగి అడిగింది. అన్నేళ్లుగా ఆ బొట్టు చూస్తున్న తల్లులకు అది ఆ రోజే కొత్తగా కనబడ్డట్టయింది.

ఆ బొట్టు సంగతి తెలియనివాళ్లెవరూ లేరు. పోలీస్ యాక్షన్ నాటికి హలీమాకు ఏడెనిమిదేళ్లుంటాయి. తండ్రి శంకరంపేట దిక్కున ఒక పల్లెలో కచ్చేరీ నౌకరు. తల్లి కాన్పుకని మెదక్ పుట్టింటికి వచ్చి ఉంది. రజాకార్లు చేసిపోయిన దౌర్జన్యాలకు బదులు తీర్చుకోవడానికి చుట్టుపక్కల జనం లేచినప్పుడు, ఆ దౌర్జన్యాలతో ఏ పొత్తూ లేని ఆ నౌకరు తెల్లవారకముందే కూతుర్ని పక్కింటి బాలనర్సమ్మ చేతిలో పెట్టి, "రెండు దినాలల్ల వస్త అక్కా" అని చెప్పి, చేన్లకు అడ్డంపడి పోయాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

బాలనర్సమ్మ తమ్ముడి కాలు విరగ్గొట్టింది రజాకార్లే. అయినా ఆమె పిల్లను వడ్ల గుమ్మిలో దాచింది. దాస్తే ఎన్నాళ్లు దాస్తుంది? పచ్చబొట్లు పొడిచే ముసలామెను పిలిపించి, దీపం మసిలో ఆకు పసరు కలిపించి, తన నొసట ఎట్లా ఉందో అట్లానే పిల్ల నొసట పొడిపించింది. ఏడుపు బయటికి పోకుండా నోట్లో తన కొంగు కుక్కింది. వాపు దిగేదాకా ముఖమంతా పసుపు పట్టించి, 'అమ్మవారు పోసింది' అని చెప్పి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత కర్రలు పట్టుకొని మనుషులు వచ్చి, "ఎవల పోరి?" అని అడిగితే, "మా చెల్లె బిడ్డ, లచ్చి" అంది. వాళ్లలో ఒకడు పిల్ల గడ్డం పట్టి ముఖం పైకెత్తి, నొసలు చూసి, వదిలేసి పోయాడు.

అలజడి సద్దుమణిగాక మజీదా వచ్చి బిడ్డను తీసుకుపోయింది. అప్పటి నుంచీ బాలనర్సమ్మ మెదక్ అంగడికి వస్తే హలీమాను చూడకుండా పోదు. అనపకాయలో సీతాఫలాలో మూటగట్టుకొని వస్తుంది. "లచ్చీ" అని గల్లీలోంచే పిలుస్తుంది. హలీమా "పెద్దమ్మా" అని ఎదురుపోతుంది. మజీదాకు ఆ పిలుపు కిట్టదు. మొగుడు పోయాడు, ఆ కాన్పులో బిడ్డా దక్కలేదు, మిగిలిన ఒక్క కూతురు ఇంకొకరి గుర్తు మోసుకొని తిరిగి వచ్చింది. బాలనర్సమ్మకు చాప వేసేది, చాయ్ ఇచ్చేది, ముఖం మాత్రం ఇచ్చేది కాదు.

ఆ రాత్రి అన్నం దగ్గర అబ్దుల్ తేలిగ్గా తీసిపారేశాడు. "పోతే పోనియ్. నాలుగు దినాలైతే వాళ్లే వస్తరు. పెండ్లినాడు నాకు గా బొట్టు కనవడలేదా? నేనేమన్న అన్నన్నా?"

"మీరు అనకపోతే అయిపాయెనా? గల్లీ మొత్తం అనవట్టె" అంది హలీమా.

"ఎన్నడో తీపియ్యవలసింది" అంది మజీదా గోడవైపు చూస్తూ. "నేను చెప్తే ఎవలు విన్నరు?"

నాలుగు రోజులు కాదు, నెల గడిచినా పిల్లలు రాలేదు. డబ్బు సంగతి హలీమా ఎన్నడూ పట్టించుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా గొంతులతో నిండిపోయేది. ఇప్పుడు అదే వేళకు చాప చుట్టి మూలకు నిలబెట్టి ఉంటే ఆమెకు చేతులు ఆడేవి కావు. అద్దం ముందు నిలబడి చుక్కను గోటితో గీరేది. పీచుతో ఉప్పు పెట్టి రుద్దింది. చర్మం ఎర్రగా కందింది, చుక్క అట్లానే ఉంది.

ఒకరోజు బురఖా వేసుకొని చర్చి దిక్కున ఉన్న దవాఖానకు పోయింది. చీటీలు పిలిచే నర్సు ఎలిశిబా ఆమెను లోపలికి తీసుకుపోయింది. డాక్టరమ్మ కృష్ణా జిల్లా మనిషి. హలీమా ముఖాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి చూసి, చర్మం చిటికెతో పట్టి చూసి, చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"చూడమ్మా, సూది మసిని పైచర్మం దాటించి లోపలి చర్మంలో పెట్టింది. పైచర్మం రాలుతుంది, మళ్లీ వస్తుంది. లోపలిది రాలదు. అందుకే ఇది రుద్దితే పోదు. పచ్చ పోవాలంటే ఆ చర్మమే పోవాలి."

"గట్లంటే కోస్తరా అమ్మా?"

"కోసి, తీసి, కుట్టాలి. నొప్పి తెలియకుండా సూదిమందు ఇస్తాను. కుట్లు విప్పాక ఎర్రటి గీత ఉంటుంది. ఏడాది గడిస్తే ఆ ఎరుపు తగ్గి తెల్లబడుతుంది. ఎండ తగలనివ్వకూడదు, గోకకూడదు." డాక్టరమ్మ ఆగి, హలీమా చెవితమ్మె పట్టుకొని చూసింది. చెవి కుట్టిన చోట చిన్న గడ్డ లేచి ఉంది. "ఇది చూశావా? నీది గాయమైతే ఉబ్బే చర్మం. నొసట కూడా ఆ గీత తాడులా లావెక్కవచ్చు. అది ముందే చెబుతున్నాను. మచ్చ లేకుండా తీసేస్తానని ఎవరైనా అంటే నమ్మకు. ఉన్న గుర్తు పోయి ఇంకో గుర్తు వస్తుంది, అంతే. అది నీకు సమ్మతమేనా కాదా అన్నది నువ్వు ఆలోచించుకోవాలి."

బయటికి వస్తుంటే ఎలిశిబా తన రవికె చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి మీద పచ్చటి తేలు బొమ్మ ఉంది. "మా అవ్వ పొడిపిచ్చింది, మేము కిరస్తాని గుడిల కలవకముందు. సిలువ కాడ మోకరిస్త, గీ తేలు గూడ నాతోనే మోకరిస్తది. ఎవలేమన్నరు? ఊకె పరేషాన్ గాకు. ఇంటికి వోయి మీ ఆయనతోటి మాట్లాడి రా."

ఇంటికి పోయి మాట్లాడింది. అబ్దుల్ చెవి గడ్డ సంగతి విని, "వద్దు. ఉన్న ముఖం పాడు చేస్కుంటవా?" అన్నాడు. డాక్టరమ్మ మాటలు హలీమాకూ భయం పుట్టించాయి. బహుశా అంతటితో ఆగేదే.

కానీ దవాఖానకు పోయివచ్చిన సంగతి గల్లీలో పాకింది. తహెసీన్ బేగం తానే వచ్చింది. ఈసారి చాప మీద కూర్చుంది, చాయ్ కూడా తాగింది. "చెల్లే, నీ మీద నాకేమన్న పగనా? నీ చదువు మంచిదే అంటున్నరు అందరు. గా బొట్టొక్కటి పోతే నా పిల్లలను నేనే తోల్కొస్త. అందరి పిల్లలను పంపిపిస్త" అంది. "కోసుడెందుకు? పట్నంల చార్మినార్ కాడ ఒకాయన మందిస్తడు. రెండుసార్లు పూస్తే పొక్కు లేచి రాలిపోతది, మచ్చ గూడ ఉండదట. మా ఇంట్ల పోయేటోళ్లున్నరు, తెప్పిస్త."

మచ్చ కూడా ఉండదట. డాక్టరమ్మ నమ్మవద్దన్న మాట అదే. వద్దనుకున్న మాటే మనిషికి తియ్యగా వినిపిస్తుంది. మజీదా తహెసీన్ బేగం చేతులు పట్టుకొని దువా చేసి దీవించింది. హలీమా అబ్దుల్‌కు చెప్పలేదు.

వారం తిరక్కుండా మందు వచ్చింది. చిన్న గోధుమరంగు సీసా, మీద కాగితమేమీ లేదు. బిరడా తీస్తే ముక్కు మండింది. ఖమర్‌ను పక్కింటికి పంపి, మధ్యాహ్నం పూట మజీదా అద్దం పట్టుకుంటే, హలీమా పుల్లకు దూది చుట్టి ముంచి చుక్క మీద అద్దింది. ముందు చల్లగా తగిలింది. ఊపిరి పీల్చి వదిలేలోపల నిప్పు కణిక పెట్టినట్టయింది. చర్మం తెల్లగా తేలి, సన్నగా పొగ లేచింది. మందు చుక్క ఒకటి ముక్కు మీదికి జారింది.

"అమ్మీ, నీళ్లు!"

"జర ఓర్చుకో బిడ్డా, పోతున్నది, పచ్చ పోతున్నది" అని మజీదా అద్దం అట్లానే పట్టుకుంది.

హలీమా అరవలేదు. అరిస్తే పక్కింట్లో ఉన్న ఖమర్‌కు వినిపిస్తుందని ఓఢ్నీ నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తల్లికే భయం వేసి కుండెడు నీళ్లు ముఖాన కుమ్మరించింది. అప్పటికే ఆలస్యమైంది.

మూడోనాటికి కళ్లు మూసుకుపోయేంతగా ముఖం వాచింది. నొసట పుండు చీము పట్టింది, ఒళ్లు కాలిపోయింది. అబ్దుల్ దుకాణంలోంచి సైకిలు తెచ్చి, ఆమెను వెనక కూర్చోబెట్టుకొని దవాఖానకు తొక్కాడు. డాక్టరమ్మ పుండును చూసి పెదవి బిగబట్టింది. "యాసిడ్ పోసుకున్నావా తల్లీ?" అని మాత్రం అంది. రోజూ పోయి కట్టు మార్పించుకోవాల్సి వచ్చింది. ఎలిశిబా మెల్లగా, దూదితో చచ్చిన చర్మం తీస్తుంటే హలీమా కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారేవి.

పుండు ఇంకా ఆరకముందే బాలనర్సమ్మ వచ్చింది.

"లచ్చీ!" అన్న పిలుపు గల్లీలోంచి వినబడింది. హలీమాకు నొసట కట్టు కట్టి ఉంది. ఓఢ్నీ కిందికి లాక్కుంది, లేచి ఎదురుపోలేదు. బాలనర్సమ్మ లోపలికి వచ్చి మూట దించి, "ఏమాయెనే బిడ్డా? పడ్డవా?" అని కట్టు మీద చెయ్యి వేయబోయింది.

హలీమా పడ్డానని చెప్పి ఉండేదే. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో వంటింట్లోంచి మజీదా బయటికి వచ్చింది.

"పడలే ఏమీ లే. మీ బొట్టు తీపిచ్చినం. ఇన్నేండ్లు మోసింది, సాలదా? మా బిడ్డను మేము కడిగి తెచ్చుకున్నం" అంది.

బాలనర్సమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆమె మజీదాను చూడలేదు. హలీమా వైపే చూస్తూ నిలబడింది. ఆ ఒక్క క్షణం హలీమా తల్లిని ఊరుకోమని అని ఉంటే చాలు. 'పెద్దమ్మా, నేను నిన్ను కడుక్కోలేదు, పిల్లల కోసం చేసిన' అని అన్నా చాలు. ఆమె చాప అంచులోని ఈనెను వేలితో లాగుతూ కూర్చుంది. గల్లీలో ఎవరైనా వింటున్నారేమో, తహెసీన్ బేగం దాకా పోతుందేమో అన్న భయం ఆమె నోరు మూయించింది.

"కడుక్కుంటిరా" అంది బాలనర్సమ్మ చివరికి. గొంతు పెంచలేదు. "మంచిగనే చేస్తిరి. నిన్ను ఇంట్ల పండవెట్టుకున్నందుకు మా కులపోళ్లు నన్ను గూడ కడుక్కోమన్నరు బిడ్డా. శుద్ధి చేస్కొమ్మన్నరు. చేస్కోకుంటే బాయి కాడికి రావొద్దన్నరు. రెండెండకాలాలు వాగుల చెలిమె తోడుకొని తాగిన. మా తమ్ముడు నాతోటి మాట్లాడకుండనే సచ్చిపోయిండు. నేనైతె కడుక్కోలే."

ఈ సంగతి ఆమె అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. హలీమా తలెత్తేసరికి ఆమె ఖాళీ అయిన బట్టను దులుపుకొని భుజాన వేసుకుంటోంది. తెచ్చిన అనపకాయలు నేల మీద కుప్పగా ఉన్నాయి.

"చాయ్ తాగి పో పెద్దమ్మా" అన్నది హలీమా.

"బస్సున్నది" అని బాలనర్సమ్మ గడప దాటింది.

పుండు మానింది గానీ డాక్టరమ్మ చెప్పినట్టే ఉబ్బింది. నెలలు గడిచేకొద్దీ నొసటి నడుమ ఊదారంగు కండ, చింతగింజంత, నున్నగా మెరుస్తూ లేచింది. ముక్కు మీద జారిన చోట తెల్లటి చార పడింది. అన్నిటికంటే విచిత్రమేమిటంటే పచ్చ మొత్తం పోలేదు. కండ కింది అంచున ఆవగింజంత ఆకుపచ్చ అట్లానే మిగిలింది. డాక్టరమ్మ చూసి, ఇప్పుడు కోస్తే ఇంకా ఉబ్బుతుందని, ఇక చెయ్యి పెట్టవద్దని చెప్పింది.

హలీమా తహెసీన్ బేగం ఇంటికి పోయింది. లోపల వరండాలో పిల్లలు వరసగా కూర్చొని ఊగుతూ చదువుతున్నారు. దర్జీ వాళ్ల పిల్ల కూడా ఉంది. ఖురాన్ అంతా కంఠతా వచ్చిన ముసలి హాఫిజ్ సాబ్ ఒకాయన, పట్నం నుంచి తెచ్చినవాడు, చదువు చెబుతున్నాడు. తహెసీన్ బేగం గుమ్మంలోనే ఆమెను నిలబెట్టి, ముఖం చూసి, అడుగు వెనక్కి వేసింది.

"గిదేంది గిట్లయింది? నువ్వు ఎక్కువ పూసినట్టున్నవ్. నేను తెప్పిచ్చి ఇచ్చిన గని పూస్కొమ్మని బలవంతం చేసిన్నా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లలు జడుసుకుంటరు చెల్లే. హాఫిజ్ సాబ్‌కు మాటిచ్చేసినం. ఏమనుకోకు" అంది.

వరండాలో ఒక పిల్ల హలీమాను చూసి పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. ఇద్దరూ తలలు దించుకున్నారు. వాళ్లకు అలిఫ్ రాయడం చేయి పట్టి నేర్పించింది ఆమే.

ఆ తర్వాత గల్లీలో ఆమెకేదో చెడ్డ రోగమని పుట్టింది. పచ్చబొట్టు ఉన్నప్పుడు అడిగినవాళ్లకు చెప్పడానికి ఒక కథ ఉండేది, ఆ కథలో ఒక మంచి మనిషి ఉండేది. ఇప్పుడు అడిగితే ఏం చెప్పాలి? కాలిందని చెప్పేది. వంటకాడ కాలిందని. అబ్దుల్ ఎన్నడూ ఎత్తిపొడవలేదు. కానీ మాట్లాడేటప్పుడు ఆమె ముఖంలోకి చూడటం మానేశాడు. చెవి పక్కగా, వెనక గోడవైపు చూస్తూ మాట్లాడేవాడు. మజీదా నమాజులు ఎక్కువ చేసింది. తల్లీకూతుళ్ల మధ్య ఆ మధ్యాహ్నం మాట మళ్లీ రాలేదు.

బాలనర్సమ్మ మళ్లీ రాలేదు. అంగడి రోజుల్లో హలీమా గల్లీలోకి చెవి పెట్టి ఉండేది. ఒకసారి అబ్దుల్‌ను బతిమాలి శంకరంపేట వైపు పోయేవాళ్లతో కబురు పంపింది. ఆమె మెదక్ అంగడికి రావడం మానుకున్నదని, రామాయంపేటకు పోతున్నదని తిరుగు కబురు వచ్చింది.

ఆ తరువాతి ఏడు వానాకాలం నిజాంపేటలో అబ్దుల్ చుట్టాల పెళ్లి పడింది. పెళ్లికి పోతూ రామాయంపేటలో బస్సు ఆగింది. అబ్దుల్ సిగరెట్టుకు దిగాడు. ఖమర్ తల్లి ఒడిలో తలపెట్టి నిద్రపోయింది. ఉక్కకు తాళలేక హలీమా బురఖా నకాబు వెనక్కి వేసుకొని కిటికీ పక్కన కూర్చుంది. కాల్చిన మక్కకంకుల గంపలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు బస్సును చుట్టుముట్టారు.

ఒక గంప వచ్చి సరిగ్గా ఆమె కిటికీ కింద ఆగింది. గంప కింద బాలనర్సమ్మ ముఖం. చిక్కిపోయింది, ముందటి పళ్లు ఊడాయి. నొసట పచ్చటి చుక్క, దాని మీద నిలువు గీత మడతల్లో కలిసిపోయి ఉన్నాయి. ఆమె చూపు హలీమా నొసటి మీద నిలిచింది. ఊదారంగు కండ మీద, ముక్కు మీది చార మీద మెల్లగా తిరిగింది. గుర్తుపట్టిందని హలీమాకు తెలుసు. గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటుంది?

"పెద్దమ్మా" అంది.

"కంకులు గావాల్నా బీబీ?" అంది బాలనర్సమ్మ. "లేతయి. చూసి తీస్కోండ్రి."

ఆ నోటి నుంచి హలీమాకు 'అండ్రి' అన్న మర్యాద ఎన్నడూ రాలేదు. కర్రల మనుషుల ముందు కూడా ఆ నోరు 'మా చెల్లె బిడ్డ' అనే అంది. "పెద్దమ్మా, నేను. నీ లచ్చిని" అన్నది, ఒడిలో పిల్ల లేవకుండా కిటికీ ఊచల దగ్గరికి వంగి.

"ఎరికే బీబీ" అంది ఆమె, కంకి ఒకటి తీసి ఆకు విప్పి చూపిస్తూ. "వేడిమీద ఉన్నయి. పిల్లకు తినవెట్టుండ్రి."

హలీమా చేతికి అందినన్ని చిల్లర నాణేలు తీసి కిటికీలోంచి ఇచ్చింది. బాలనర్సమ్మ రెండు కంకులు అందించి, లెక్క చూసుకొని, ఎక్కువైన నాణేలు తిరిగి ఆమె అరచేతిలో పెట్టింది. వేళ్లు తగిలాయి. గరుకు వేళ్లు. పట్టుకుందామని హలీమా చేయి మూసేలోపలే అవి జారిపోయాయి.

కండక్టర్ ఈల వేశాడు. అబ్దుల్ పరుగున వచ్చి ఎక్కాడు. బస్సు కదులుతుంటే బాలనర్సమ్మ గంప సర్దుకొని రెండు కిటికీల అవతలికి నడిచింది.

"కంకులు గావాల్నా అమ్మా? లేతయి, చూసి తీస్కోండ్రి" అని అదే గొంతుతో అక్కడి ఆమెనూ అడిగింది.